చెవి గుర్తు

కిందటి వారం మిమ్మల్ని మా ఆఫీసు మెట్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాను. తిట్టుకోవలసినవాళ్ళు ఈపాటికి తిట్టుకునే ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

యోవ్‌నాకు అయిదేళ్ళు. నర్సరీలో తోటి పిల్లలతో కూర్చుని రొట్టె తింటూ, "మా మామ నా చెవులు కోస్తాడు తెలుసా? ఆయన దగ్గర ఇంత పెద్ద కత్తి ఉంది" అని గొప్పగా చెప్పాడు. టీచరమ్మ పాలగ్లాసు కింద పెట్టి ఫోన్ అందుకుంది. చీకటి పడేలోపు మా పిల్లల సంరక్షణ ఆఫీసువాళ్ళు వాణ్ణి తల్లి బిరెత్ దగ్గర్నుంచి తీసుకెళ్ళి, ఊరవతల ఎవరో ఒకావిడ ఇంట్లో పెట్టారు. ఆ ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క సామీ మనిషిని, అంటే నార్వే ఉత్తరాన మంచులో రెయిన్‌డీర్ దుప్పుల మందలు మేపుకునే జాతిదాన్ని, నేను, రావ్‌నాను. ఆ వారం సెలవులో ఉన్నాను. తిరిగొచ్చేసరికి జరగాల్సిందంతా జరిగిపోయింది.

ఆ మాటకు అర్థమేమిటో సామీ ఇంట్లో పుట్టిన ఎవరినడిగినా చెప్తారు. రెయిన్‌డీర్ దూడ చెవి అంచున కత్తితో గాట్లు పెడతాం. ఒక్కో మనిషికి ఒక్కో తీరు గాటు. మందలు కలిసిపోయినా సరే, చెవి చూస్తే దూడ ఎవరిదో తెలిసిపోతుంది. మేనమామ అన్నవాడు మేనల్లుణ్ణి పట్టుకుని, "నీ చెవికీ గుర్తు పెట్టేసి నా మందలో కలిపేసుకుంటాన్రా" అని ఏడిపిస్తాడు. అలా ఏడిపించడం మేనమామ పని. పిల్లాడు ఏడవకూడదు, అలగకూడదు, నవ్వకుండా ఎదురుమాట విసరాలి. ఎవరూ తోడులేని కొండమీద, మంచుతుఫానులో, మందతో నిలబడాల్సినవాడు నోరూ గుండే ముందు మామ దగ్గరే గట్టి చేసుకోవాలి. మా అమ్మ తమ్ముడు నన్ను అలాగే ఏడిపించాడు. అందుకే నాకీ నోరు.

రేపు కమిటీ కూర్చుంటుంది. యోవ్‌నా ఇంటికి వస్తాడా, ఆ పరాయి ఇంట్లోనే ఉండిపోతాడా అన్నది రేపు తేలిపోతుంది. కేసు మా ఆఫీసులో నాతోపాటు పనిచేసే హెన్రికెది. ఇవాళ తల్లినీ మామనూ పిల్లాడితో కాసేపు కలవనిస్తారు; ఈ కలయికలో ఆవిడ కళ్ళకు ఏది కనిపిస్తే కమిటీ చెవికి అదే వినిపిస్తుంది. "మీ అన్న ఇస్సాత్ మీ గడప తొక్కడని మాటివ్వు, పిల్లాణ్ణి ఇప్పించేస్తాను" అని ఆవిడ ముందే చెప్పింది. బిరెత్ ఒప్పుకోలేదు. మొగుడు మంచు పగిలి సరస్సులో పడి పోయాక ఆ ఇంటి బరువు మోస్తున్నది ఆ అన్నే. ఇదీ సంగతి. ఇక మెట్లెక్కుదాం.

కలయిక గది మీకు తెలియంది కాదు: మెత్తటి సోఫా, ప్లాస్టిక్ బొమ్మల బుట్ట, గోడమీద నవ్వుతున్న ఎలుగుబంటి. పక్కనే హెన్రికె సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి తగిలించారు. వేరే సంస్కృతుల కుటుంబాలతో ఎలా మెలగాలో రెండ్రోజుల శిక్షణ పొందినట్టు దానిమీద ఉంటుంది. నేను ఆవిణ్ణి ఎకసెక్కం చేస్తున్నానని అనుకోకండి. చెడ్డమనిషి కాదు. దక్షిణం నుంచి మా ఊరికి బదిలీ అడిగి మరీ వచ్చింది, మా భాషలో నమస్కారం చెప్పడం నేర్చుకుంది, ఇస్సాత్‌కు తనే కాఫీ పోసిచ్చింది. కాకపోతే కాఫీ ఇచ్చే ముందు బెల్టుకున్న కత్తి తీసి కారులో పెట్టి రమ్మంది. ఖాళీ ఒరతో సోఫాలో కూర్చున్న ఆ మనిషిని చూస్తే నాకే సిగ్గేసింది.

"నువ్వు అనువాదం వరకే, రావ్‌నా" అంది హెన్రికె తలుపు దగ్గర ఆపి. "సలహాలు వద్దు, మధ్యలో దూరడాలు వద్దు. నువ్వు వాళ్ళ మనిషివని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు. నీ మంచికే చెప్తున్నా."

"నా మంచి నేను చూసుకుంటాలే. ముందు పిల్లాణ్ణి తీసుకురా."

యోవ్‌నా వచ్చాడు. కొత్త చొక్కా, కొత్త ప్యాంటు. నల్లటి జుట్టు చెవుల మీదికి పెరిగింది. తల్లిని చూడగానే పరుగెత్తి ఒళ్ళో పడ్డాడు. బిరెత్ వాడి తల వాసన చూస్తూ ఉండిపోయింది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత వాడు తలెత్తి మామ వైపు చూశాడు, మామ ఏదో అంటాడని.

ఇస్సాత్ గొంతు సవరించుకున్నాడు. చెవుల మాట ఎత్తకండి, కత్తి మాట ఎత్తకండి, మర్యాదగా మాట్లాడండి అని వకీలు వాయించి వాయించి పంపాడట. తోడేళ్ళను తరిమిన ఆ గొంతు ఇప్పుడు చర్చిలో పెద్దమనిషి గొంతైపోయింది.

"యోవ్‌నా బాబూ, బాగున్నావా? అన్నం సరిగ్గా తింటున్నావా?"

పిల్లాడు కళ్ళార్పకుండా చూశాడు.

"ఆరోగ్యం బాగుందా నాన్నా?"

వాడు పుట్టి బుద్ధెరిగాక ఆ మామ నోట 'బాబూ' అన్నమాట విని ఉండడు. నక్కపిల్లా, దొంగ నక్కా, చీమిడి నక్కా, ఇవీ వాడి పేర్లు. తల్లి ఒళ్ళోంచి మెల్లగా జారి, వెనక్కి వెనక్కి నడిచి, హెన్రికె కుర్చీ వెనక్కి పోయి నక్కాడు.

హెన్రికె నావైపు వంగింది. "చూశావా? మామ నోరు విప్పగానే వచ్చి నా వెనక దాక్కున్నాడు. వాడి భయం నీకు కనబడటం లేదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. కనబడకేం, నాకు కనిపించింది వేరు. మామ తనను ఏడిపించడం మానేశాడంటే, తను మామకు కాకుండా పోయాడని వాడు అనుకుంటున్నాడు. మావాళ్ళలో చుట్టంతో ఎవరూ అంత మర్యాదగా మాట్లాడరు. తెగిపోయినవాళ్ళతోనే అలా మాట్లాడతారు.

"అది భయం కాదు. మామకు తనమీద కోపం వచ్చిందనుకుంటున్నాడు" అన్నాను.

"కోపమా? ఆయన ఎంత ప్రేమగా మాట్లాడుతున్నాడో వినలేదా?"

"అదే కదా నేను చెప్పేది!"

"రావ్‌నా, అనువాదం వరకే అన్నాను."

కుర్చీ వెనక నుంచి ముక్కు పీలుస్తున్న చప్పుడు. ఇంకా ఎంతసేపు? కలయిక ఇలాగే ముగిస్తే, 'పిల్లవాడు మామను చూసి భయపడి దాక్కున్నాడు' అన్న ఒక్క వాక్యంతో రేపు అంతా అయిపోతుంది. నా ఉద్యోగం గుర్తొచ్చింది. అబద్ధమెందుకు, బాగానే గుర్తొచ్చింది. అయినా నోరు ఊరుకోలేదు.

"ఇస్సాత్, ఏంటయ్యా ఆ మాటలు? గవర్నరుగారితో మాట్లాడుతున్నావా?" అన్నాను మా భాషలో. "నువ్వు వాణ్ణి వదిలేశావనుకుంటున్నాడు. మామూలుగా మాట్లాడు."

"మామూలుగా మాట్లాడితేనే కదమ్మా ఇంత దూరం వచ్చింది!"

"వద్దన్నయ్యా" అంది బిరెత్ కంగారుగా. "ఆవిడ ఇప్పటికిప్పుడు ఆపేస్తుంది. నా బిడ్డను మళ్ళీ తీసుకుపోతుంది." అంటూనే కుర్చీ వైపు చూసింది. వాడు మోకాళ్ళలో తల దూర్చుకుని చిన్న ముద్దై కూర్చున్నాడు. బిరెత్ కళ్ళు తుడుచుకుని అన్న భుజం మీద ఒకటి చరిచింది. "సర్లే. అను. ఏదో ఒకటి అను. నేను చూడలేకపోతున్నా."

"ఏం మాట్లాడుతున్నారు?" అంది హెన్రికె.

"ఇంట్లో ఎలా మాట్లాడతాడో అలా మాట్లాడమన్నాను."

ఆవిడ ఏదో అనబోయింది. ఈలోపే ఇస్సాత్ కాఫీ కప్పు బల్లమీద పెట్టి కాళ్ళు బారజాపాడు.

"అవునూ బిరెత్" అన్నాడు గొంతు పెంచి, "ఆ కుర్చీ వెనక నక్కిందేంటి? దూడలా ఉందే?"

ముక్కు పీల్చడం ఆగిపోయింది.

"ఎవరి దూడో పాపం, బొత్తిగా బక్కచిక్కిపోయింది. ఈ పట్నంవాళ్ళు దానికి గడ్డి వెయ్యటంలేదులా ఉంది, ఉడకబెట్టిన క్యారెట్లు పెడుతున్నట్టున్నారు."

"చేపముద్దలు పెడుతున్నారు" అంది కుర్చీ వెనక నుంచి సన్నటి గొంతు.

"అమ్మో, దూడ మాట్లాడుతోందే!"

"నేను దూడను కాను."

"కొమ్ముల్లేవు, మీసాల్లేవు. దూడవి కాకపోతే ఇంకేంటివిరా?"

"నీకున్నాయా కొమ్ములు? బట్టతల ఉంది నీకు!"

బిరెత్ పకాలున నవ్వేసింది. నవ్వుతూనే ఏడ్చింది. ఏమన్నాడని హెన్రికె అడిగితే, "మామది బట్టతల అంటున్నాడు" అన్నాను. ఆవిడ పెదవి చివర కూడా నవ్వు వచ్చి ఆగింది. ఆ క్షణంలో, ఒట్టు, గెలిచేశామనుకున్నాను.

వాడు కుర్చీ వెనక నుంచి బయటికొచ్చాడు. నడుం మీద చేతులు పెట్టుకుని మామ ముందు నిలబడ్డాడు. ఇస్సాత్‌కు ఇక పట్టపగ్గాల్లేవు. వకీలు చెప్పిందంతా గాలికి పోయింది.

"బట్టతలో జుట్టు తలో, పట్నం మందలో కలిసిపోయిన దూడవి నువ్వు. గుర్తులేని దూడ ఎవరికి చిక్కితే వాళ్ళదే. పట్టుకుపోతా, చెవి కోసి నా గుర్తు పెట్టేస్తా!" అంటూ చెయ్యి చాపి వాడి చెవి పట్టుకోబోయాడు.

ఆ మాట నేను అనువదించలేదు. ఆ చెయ్యి చాపడానికి అనువాదం అక్కర్లేదు. హెన్రికె సగం లేచింది.

"నువ్వు పెట్టక్కర్లేదు. నాకుంది!" అన్నాడు యోవ్‌నా. కుడిచెవి మీది జుట్టు పైకెత్తి చూపించాడు.

చెవి అంచున గాట్లు. పైనొకటి, కిందొకటి, వంకరగా. చుట్టూ వాచి, నల్లగా పొక్కు కట్టి ఉంది.

ఇస్సాత్ మొహంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు.

"ఎవరు చేశార్రా?" అన్నాడు. ఈసారి ఆట లేదు ఆ గొంతులో.

"నేనే! కత్తెరతో, ఆ ఇంట్లో" అన్నాడు యోవ్‌నా మా భాషలో, ఛాతీ పొంగించి. "అక్కడ అందరూ వేరేవాళ్ళ పిల్లలే మామా. నేను వాళ్ళలో కలిసిపోతే నువ్వు వచ్చి వెతుకుతావు కదా, మరి ఎలా తెలుస్తుంది? అందుకని పెట్టుకున్నా. నొప్పేసింది. ఏడవలేదు నేను."

బిరెత్ చప్పుడు చెయ్యకుండా వాణ్ణి లాక్కుని గుండెకు అదిమేసుకుంది. మరి ఇస్సాత్? మందనంతా తుఫానుకు పోగొట్టుకున్న ఏడు కూడా ఆ మనిషి కంట తడి చూడలేదు నేను. ఇప్పుడు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"ఆపండి!" హెన్రికె లేచి నిలబడింది. "కలయిక అయిపోయింది. ఇదేనా రావ్‌నా, ఇంట్లో మామూలుగా మాట్లాడే మాట? ఆయన చెవి మీద చెయ్యి వెయ్యబోయాడు, పిల్లాడు కోసిన చెవి చూపించాడు. నేను కళ్ళారా చూశాను."

"నువ్వు చూసింది ఒకటి, జరిగింది ఒకటి. ఆ గాటు మనం పెట్టిన ఇంట్లో పడింది. మన కాపలాలో."

"మొదటి రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే తల ముట్టుకోనివ్వలేదు, కిందపడి దొర్లాడు. ఎందుకో ఇప్పుడర్థమైంది."

"పరాయి ఊళ్ళో పరాయి మనిషి తల పట్టుకుంటే ఏ పిల్లాడు ఊరుకుంటాడు? అమ్మ కోసం దొర్లాడు!"

"రావ్‌నా, విను." ఆవిడ గొంతు తగ్గించింది. అరిచినా బాగుండేది. "మీ పద్ధతులు నాకు తెలియనివి చాలా ఉన్నాయి, ఒప్పుకుంటాను. తెలుసుకోవాలనే వచ్చాను. కానీ ఇది మా పద్ధతి అనగానే ఆ చెవికి గాయం లేకుండా పోతుందా? సరే, ఎవరి చేత్తో జరిగిందో పక్కన పెట్టు. చెవి కోయడమన్న మాట అయిదేళ్ళ పిల్లాడి బుర్రలోకి ఎక్కించిందెవరు?"

పిల్లాడి వయసుకు తగ్గట్టు ఆట ఆడటం మా పద్ధతిలో ఉంది. ఆట శ్రుతి మించితే తల్లి అడ్డుపడుతుంది, మామ తగ్గుతాడు. ఆ తల్లినీ ఆ మామనూ తీసేసి, ఆటలో మాట ఒక్కటే పిల్లాడితో పంపించింది మేము. ఇదంతా అప్పుడే చెప్పి ఉండాల్సింది. కానీ నేను ఆ చెవి వైపే చూస్తూ ఉండిపోయాను.

"పిల్లాడు వాళ్ళతో ఏమన్నాడు?" అంది హెన్రికె. "ఆ చెవి చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. మాట మాటా చెప్పు."

నేను నోరు విప్పేలోపే ఇస్సాత్ లేచాడు. మొహం తుడుచుకున్నాడు. నార్వేజియన్‌లో, ఒక్కో మాటా ఏరుకుంటూ మాట్లాడాడు.

"ఆమెనెందుకు అడుగుతారు? నన్నడగండి. నేనే కోశాను. మీరు తీసుకెళ్ళిన రోజు పొద్దున వాణ్ణి నర్సరీలో దింపింది నేనే. దారిలో కోశాను. టోపీ పెట్టి పంపించాను. మా చెల్లికి తెలియదు."

"అన్నయ్యా!" బిరెత్ కేక వేసింది.

"నువ్వు మాట్లాడకు." మళ్ళీ హెన్రికె వైపు తిరిగాడు. "మీకు నేను వాళ్ళ గడప తొక్కకూడదు, అంతేగా? తొక్కను. జైల్లో పెట్టుకుంటారో, ఏం చేసుకుంటారో మీ ఇష్టం. పిల్లాణ్ణి మాత్రం వాళ్ళమ్మకు ఇచ్చెయ్యండి."

ఎంత పిచ్చివాడు! ఎంత పిచ్చిగా ప్రేమించే మనిషి! ఇస్సాత్ అబద్ధమాడుతున్నాడని నాకు తెలుసు, బిరెత్‌కు తెలుసు. నిజం చెప్తే, ఇంట్లో మాటలు విని పిల్లాడు తన చెవి తనే కోసుకున్నాడంటారు, అలాంటి ఇంటికి ఎలా పంపుతామంటారు. చెప్పకపోతే బిడ్డ ఇంటికి వస్తాడు, మామ జైలుకు పోతాడు. రేపటి నుంచి మేనల్లుణ్ణి ఏడిపించిన ప్రతి సామీ మామ మీదా ఇదే కేసు పడుతుంది. బిరెత్ నా వైపు చూస్తోంది. చెప్పమనో వద్దనో ఆమెకే తెలియటం లేదు.

"హెన్రికె, అది నిజం కాదు" అన్నాను. "పిల్లాడు మామతో..."

"నీ మాట రేపు ఎవరు వింటారు?" అంది ఆవిడ. కోపంగా కాదు, జాలిగా. "ఆయన చేత మాట్లాడించింది నువ్వే. నాకు వేరే దారి లేదు. పిల్లాణ్ణే అడుగుతాను."

తల్లి ఒళ్ళో ఉన్న యోవ్‌నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వాడికి నర్సరీ పుణ్యమా అని నార్వేజియన్ బాగా వచ్చు. మామ అన్నదంతా విన్నాడు. ఒక్క మాట పోకుండా విన్నాడు.

"యోవ్‌నా, నిజం చెప్పు నాన్నా. నీ చెవి కోసింది మామేనా?"

వాడు ఇస్సాత్ మొహంలోకి చూశాడు. ఆ మొహంలో నవ్వు లేదు. మా ఆటలో పెద్దవాడు ఎంత పెద్ద అబద్ధమాడితే మొహం అంత బిగించుకుని ఉంటాడు. పిల్లాడు నవ్వకుండా దాన్ని అందుకుని, ఇంకాస్త పైకి లేపి విసరాలి. అది చేతనైనవాణ్ణే మామ మెచ్చుకుంటాడు. యోవ్‌నా కళ్ళు తళుక్కుమన్నాయి. పెదవులు బిగించాడు. మామ మళ్ళీ తనతో ఆడుతున్నాడనుకున్నాడు నా తండ్రి. నాకది అర్థమై, "ఒరేయ్, వద్దురా" అని నోరు తెరిచేలోపే జరిగిపోయింది.

"అవును" అన్నాడు, స్పష్టమైన నార్వేజియన్‌లో. "మామే కోశాడు. రెండో చెవి కూడా కోస్తాడు. తర్వాత అమ్మవి."

హెన్రికె మెల్లగా లేచింది. జేబులోంచి ఫోన్ తీసి పోలీసులకు కలిపింది. ఇస్సాత్ గోడకు చేరగిలబడ్డాడు. యోవ్‌నా మాత్రం అలాగే నవ్వాపుకుంటూ, మామ ఎప్పుడు పగలబడి నవ్వుతాడా అని ఆయన మొహంలోకే చూస్తున్నాడు.